ఆఫీస్ ల్యాప్‌టాప్‌కి నెట్ ఎలా వస్తుంది? వైఫై ఐకాన్ వెనక ఉన్న ఆరు మెట్లు

ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్‌కి నెట్ పెట్టుకోవడం అర నిమిషం పని. వైఫై పేరు మీద క్లిక్ చేసి, రౌటర్ వెనక స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ కొడితే అయిపోతుంది. ఆఫీస్‌లో అలా ఉండదు. వైఫై కనెక్ట్ అయిందని చూపిస్తుంది, కానీ ఒక్క సైటూ ఓపెన్ అవ్వదు. లేదంటే బ్రౌజర్‌లో యూట్యూబ్ బాగానే ఆడుతుంది, టెర్మినల్‌లో పిప్ ఇన్‌స్టాల్ మాత్రం ఎర్రర్ కొడుతుంది. లేదంటే నిన్నటిదాకా బాగానే పనిచేసిన నెట్, పాస్‌వర్డ్ మార్చిన రోజు నుంచి రాదు.

నేను నెట్‌వర్క్ ఇంజినీర్‌ని కాదు, కోడ్ రాసేవాడిని. కానీ మా టీమ్‌లో చేరే ప్రతి ఫ్రెషర్‌కీ మొదటి వారంలో ఇదే తలనొప్పి. ‘నెట్ రావట్లేదు’ అని టికెట్ పెడతారు. డెస్క్‌టాప్ సపోర్ట్ వాళ్లు చూసి నెట్‌వర్క్ టీమ్‌కి పంపుతారు, వాళ్లు సెక్యూరిటీ టీమ్‌కి పంపుతారు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి వస్తుంది. ఈలోపు మూడు రోజులు పోతాయి. అవతల మేనేజర్ ‘ఇంకా ఎన్విరాన్‌మెంట్ సెటప్ అవ్వలేదా’ అని అడుగుతూనే ఉంటారు.

అసలు విషయం ఏంటంటే, ఆఫీస్‌లో నెట్ వచ్చేది ఒక్క అనుమతితో కాదు. వరసగా ఆరు మెట్లు ఎక్కాలి: లింక్, గుర్తింపు, అడ్రస్, పేరు, గేటు, సర్టిఫికెట్. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పరికరం, చాలాచోట్ల ఒక్కో టీమ్. మన ల్యాప్‌టాప్ ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. కంపెనీ ఇచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌ని ఉదాహరణగా తీసుకుని ఒక్కోటీ చూద్దాం. మ్యాక్‌లో, లినక్స్‌లో మెనూలు వేరు, లెక్క మాత్రం ఇదే.

మొదటి మెట్టు: లింక్

ముందు ల్యాప్‌టాప్‌కీ నెట్‌వర్క్‌కీ మధ్య దారి ఉండాలి. అది కేబుల్ కావచ్చు, వైఫై కావచ్చు.

కేబుల్ అయితే చెక్ చేయడం తేలిక. పోర్ట్ దగ్గర చిన్న లైట్ వెలుగుతుందా లేదా చూడండి. వెలగకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి. కేబుల్ వదులుగా ఉండొచ్చు, డాక్ పాడై ఉండొచ్చు, లేదా డెస్క్ కింద ఉన్న సాకెట్‌ని అవతల సర్వర్ రూమ్‌లో స్విచ్‌కి కలపకపోయి ఉండొచ్చు. ఈ మూడోది కొత్త ఫ్లోర్లలో ఎక్కువ. గోడకి సాకెట్ ఉన్నంత మాత్రాన దాని అవతలి చివర స్విచ్‌లో ఉందని కాదు.

వైఫై అయితే బ్యాండ్ చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి తగులుకోని ఛానెల్స్ మూడే ఉంటాయి: 1, 6, 11. రెండొందల మంది కూర్చునే ఫ్లోర్‌లో ఆ మూడు ఛానెల్స్ ఏ మూలకీ సరిపోవు. అందుకే ఆఫీసుల్లో ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ మీదే నడిపిస్తారు. మీ ల్యాప్‌టాప్ మొండిగా 2.4 పట్టుకుని కూర్చుంటే సిగ్నల్ ఫుల్‌గా కనిపిస్తుంది, స్పీడ్ మాత్రం రాదు. విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ ఓపెన్ చేస్తే ఏ బ్యాండ్‌లో ఉన్నారో రాసి ఉంటుంది.

రెండో మెట్టు: గుర్తింపు

ఇల్లూ ఆఫీసూ వేరయ్యేది ఇక్కడే. ఇంట్లో అందరికీ ఒకటే వైఫై పాస్‌వర్డ్. ఆఫీస్‌లో అలా పెడితే, ఉద్యోగం మానేసిన మనిషికి కూడా పాస్‌వర్డ్ తెలిసే ఉంటుంది. అతను వెళ్లిన ప్రతిసారీ వేలమంది పాస్‌వర్డ్ మార్చుకోవాలి. అందుకే ఆఫీసుల్లో 802.1ఎక్స్ అనే పద్ధతి వాడతారు. మొదటి స్టాండర్డ్ 2001లో వచ్చింది. వైఫై సెట్టింగ్స్‌లో ‘ఎంటర్‌ప్రైజ్’ అనే మాట కనిపిస్తే అర్థం ఇదే.

ఇందులో ముగ్గురు ఉంటారు. అడిగేది మీ ల్యాప్‌టాప్. మధ్యలో ఆపేది స్విచ్ లేదా వైఫై యాక్సెస్ పాయింట్. నిర్ణయం చెప్పేది రేడియస్ సర్వర్. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌ని గుర్తు తెచ్చుకోండి. మీరెవరో ఆయనకి తెలియదు. ఇంటర్‌కామ్‌లో ఫ్లాట్ వాళ్లని అడుగుతాడు, వాళ్లు సరే అంటేనే గేటు తీస్తాడు. యాక్సెస్ పాయింట్ చేసేది కూడా అంతే. రేడియస్ సర్వర్ సరే అనేదాకా మీ ల్యాప్‌టాప్ నుంచి ఆ గుర్తింపు మాటలు తప్ప ఇంకే ప్యాకెట్‌నీ లోపలికి పంపదు.

గుర్తింపు రెండు రకాలుగా చూపించొచ్చు. ఒకటి యూజర్ పేరు, పాస్‌వర్డ్. రెండోది ల్యాప్‌టాప్‌లో ముందే ఎక్కించిన సర్టిఫికెట్. రెండోది ఉన్నచోట మీరు ఏమీ టైప్ చేయక్కర్లేదు, మూత తీయగానే కనెక్ట్ అయిపోతుంది. కానీ సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది. లాంగ్ లీవ్ నుంచి వచ్చేసరికి అది అయిపోతే వైఫై కారణం చెప్పకుండా కనెక్ట్ అవ్వడం మానేస్తుంది. ల్యాప్‌టాప్ గడియారం తప్పు తేదీ చూపించినా ఇదే జరుగుతుంది. సర్టిఫికెట్ చెల్లుతుందా లేదా అని చూసేది తేదీతోనే కదా.

పాస్‌వర్డ్ పద్ధతి ఉన్న ఆఫీసుల్లో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే సమస్య ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ మార్చారు. జేబులో ఉన్న ఫోన్‌లో మాత్రం ఆఫీస్ వైఫైకి పాత పాస్‌వర్డే సేవ్ అయి ఉంది. ఫోన్ మీకు తెలియకుండా పాత పాస్‌వర్డ్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది. కాసేపటికి సర్వర్ మీ అకౌంట్‌నే లాక్ చేసేస్తుంది. అన్‌లాక్ చేయించుకుంటారు, పది నిమిషాల్లో మళ్లీ లాక్. మా పక్క టీమ్‌లో ఒకమ్మాయికి ఇలా రోజంతా గడిచింది. ఆఖరికి ఫోన్‌లో ఆ వైఫైని ‘ఫర్గెట్’ చేయగానే సమస్య పోయింది. పాస్‌వర్డ్ మార్చిన రోజు ముందు చేయాల్సిన పని ఇదే.

ఇంకో జాగ్రత్త. ఫోన్‌ని ఆఫీస్ వైఫైకి కలిపేటప్పుడు సర్వర్ సర్టిఫికెట్‌ని చెక్ చేయొద్దు అనే ఆప్షన్ పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. వినకండి. అదే పేరుతో బయట ఎవరైనా నకిలీ వైఫై పెడితే, మీ ఫోన్ నేరుగా వెళ్లి దానికి లాగిన్ వివరాలు ఇచ్చే ప్రమాదం ఉంది. అందుకే 2020 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో ఆ ఆప్షన్‌నే తీసేశారు.

రేడియస్ సర్వర్ సరే అనడంతో పాటు ఇంకో విషయం కూడా చెప్తుంది: ఈ మనిషిని ఏ గదిలో కూర్చోబెట్టాలో. ఆ గదుల్నే వీల్యాన్ అంటారు. స్విచ్ ఒకటే, వైఫై పేరు కూడా ఒకటే కావచ్చు. కానీ డెవలపర్లు ఒక వీల్యాన్‌లో, ఫైనాన్స్ వాళ్లు ఇంకో దాంట్లో, గెస్టులు మరో దాంట్లో ఉంటారు. పక్క సీట్లో ఉన్నతనికి డేటాబేస్ కనెక్ట్ అవుతోంది, మీకు అవ్వట్లేదంటే చాలాసార్లు కారణం ఇదే. చాలా కంపెనీల్లో యాంటీవైరస్ నడుస్తోందా, విండోస్ అప్‌డేట్స్ పడ్డాయా అని కూడా ఇక్కడే చూస్తారు. లేకపోతే క్వారంటైన్ వీల్యాన్‌లో పడేస్తారు. అక్కడి నుంచి అప్‌డేట్ సర్వర్ తప్ప ఇంకేమీ తెరుచుకోదు.

మూడో మెట్టు: అడ్రస్

లోపలికి వచ్చారు, ఇప్పుడు ఒక ఐపీ అడ్రస్ కావాలి. అది ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్. నాలుగు మాటల్లో పని అయిపోతుంది. ‘ఎవరైనా ఉన్నారా, నాకో అడ్రస్ కావాలి’ అని ల్యాప్‌టాప్ అందరికీ వినపడేలా అడుగుతుంది. ‘ఇదిగో, ఇది ఖాళీగా ఉంది’ అని సర్వర్ అంటుంది. ‘సరే, అదే తీసుకుంటాను’ అని ల్యాప్‌టాప్, ‘రాసుకున్నాను, నీదే’ అని సర్వర్. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్‌నాలెడ్జ్ అని ఇంటర్వ్యూల్లో అడిగేది ఈ నాలుగింటి గురించే. అడ్రస్‌తో పాటు సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే అడ్రస్, డీఎన్ఎస్ సర్వర్ల అడ్రస్‌లు కూడా వస్తాయి.

ఆ అడ్రస్ సొంతం కాదు, అద్దెకి ఇచ్చినట్టు. గడువు సగం అయ్యేసరికి ల్యాప్‌టాప్ తనంతట తనే రెన్యూ చేయమని అడుగుతుంది.

ఆఫీసుల్లో చాలావరకు 10తో మొదలయ్యే అడ్రస్‌లు కనిపిస్తాయి. ఇవి ప్రైవేట్ అడ్రస్‌లు. 10తో మొదలయ్యేవి మొత్తం 1,67,77,216 ఉంటాయి, చాలా కంపెనీలకి అవి చాలు. మరి అడ్రస్‌లు ఎందుకు అయిపోతాయి? ఎందుకంటే వాటిని చిన్న చిన్న ముక్కలుగా చేసి వీల్యాన్లకి పంచుతారు. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉంటే ఆ ముక్కలో వాడుకోగలిగేవి 254 మాత్రమే. వందమంది ఉన్న ఫ్లోర్‌లో ఒక్కొక్కరి దగ్గర ల్యాప్‌టాప్, ఫోన్, వాచ్ ఉంటే లెక్క మూడొందలకి వెళ్తుంది. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ అడ్రస్ కాకుండా నకిలీది చూపిస్తాయి. ఫోన్‌లో ఆ వైఫైని తీసేసి మళ్లీ కలిపినప్పుడు అది మారితే, సర్వర్ కొత్త పరికరం అనుకుని ఇంకో అడ్రస్ ఇస్తుంది. పాతది గడువు తీరేదాకా అలాగే ఉండిపోతుంది.

ఈ మెట్టుని చెక్ చేయడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ కొట్టండి. అడ్రస్ 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబే రాలేదని అర్థం. ఎవరూ ఇవ్వకపోతే ల్యాప్‌టాప్ తనకి తనే పెట్టుకునే అడ్రస్ అది. దాంతో బయటికి వెళ్లలేరు. ఈ ఒక్క నంబర్ టికెట్‌లో రాస్తే చాలు, నెట్‌వర్క్ టీమ్‌కి వెంటనే అర్థమైపోతుంది.

ఆఫీస్‌లో చేయకూడని పని కూడా చెప్తాను. మీటింగ్ రూమ్‌లో సిగ్నల్ వీక్‌గా ఉందని ఇంటి నుంచి పాత రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కి తగిలించకండి. ఇంటి రౌటర్‌లో కూడా ఒక డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది. ఎవరైనా ల్యాప్‌టాప్ అడ్రస్ అడిగినప్పుడు అసలు సర్వర్ కంటే ముందు ఇదే జవాబిస్తే, ఆ ల్యాప్‌టాప్‌కి 192.168తో మొదలయ్యే అడ్రస్, తప్పు గేట్‌వే వస్తాయి. అలా ఒకటి తర్వాత ఒకటి ఫ్లోర్‌లో నెట్ పోతూ వస్తుంది. దీన్ని ఆపడానికి స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే ఫీచర్ ఉంది, కానీ అన్నిచోట్లా ఆన్ చేసి ఉండదు.

నాలుగో మెట్టు: పేరు

అడ్రస్ వచ్చింది. ఇప్పుడు బ్రౌజర్‌లో ఒక సైట్ పేరు కొడితే దాన్ని ఐపీగా మార్చాలి. అది డీఎన్ఎస్ పని. ఇక్కడ ఫోన్ హ్యాబిట్ ఒకటి ఆఫీస్‌లో దెబ్బతీస్తుంది. నెట్ స్లోగా ఉంటే డీఎన్ఎస్‌ని 8.8.8.8కో 1.1.1.1కో మార్చుకోమని ప్రతి యూట్యూబ్ వీడియోలోనూ చెప్తారు. ఇంట్లో అయితే పర్లేదు. ఆఫీస్‌లో మీ టీమ్ వికీ, కోడ్ రిపాజిటరీ, హెచ్ఆర్ పోర్టల్ లాంటి వాటి పేర్లు కంపెనీ లోపలి డీఎన్ఎస్‌కి మాత్రమే తెలుసు. గూగుల్‌ని అడిగితే ‘అలాంటి పేరు లేదు’ అంటుంది. అప్పుడు బయటి సైట్లు వస్తాయి, ఆఫీస్ సైట్లు రావు. ఇంకా కొన్ని ఆఫీసుల్లో బయటి డీఎన్ఎస్‌కి వెళ్లే పోర్ట్ 53ని పూర్తిగా మూసేస్తారు. అక్కడ మారిస్తే ఏ సైటూ రాదు.

చెక్ చేయడానికి ‘ఎన్ఎస్‌లుకప్’ కొట్టి, పక్కన సైట్ పేరు ఇవ్వండి. ఐపీ వస్తే ఈ మెట్టు దాటినట్టే. చాలా ఆఫీసుల్లో సైట్లని బ్లాక్ చేసేది కూడా ఇక్కడే. బ్లాక్ చేసిన సైట్ పేరు అడిగితే అసలు ఐపీ ఇవ్వకుండా ‘బ్లాక్ చేయబడింది’ అనే పేజీ ఉన్న ఐపీ ఇస్తారు.

ఐదో మెట్టు: గేటు

పేరు ఐపీగా మారింది, ఇక బయటికి వెళ్లాలి. ఆ గేటు దగ్గర ఉండేది ఫైర్‌వాల్, కొన్ని ఆఫీసుల్లో దానికి తోడు ప్రాక్సీ.

ఫైర్‌వాల్ రెండు పనులు చేస్తుంది. మొదటిది, ఏ వీల్యాన్ నుంచి ఏ పోర్ట్‌కి వెళ్లొచ్చో చూడటం. వెబ్‌సైట్ల పోర్ట్ 443 తెరిచి ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ వాడే పోర్ట్ 22 చాలాచోట్ల మూసి ఉంటుంది. అందుకే గిట్‌హబ్ బ్రౌజర్‌లో ఓపెన్ అవుతుంది, ఎస్ఎస్‌హెచ్‌తో క్లోన్ చేస్తే మాత్రం అలా ఆగిపోతుంది. హెచ్‌టీటీపీఎస్ లింక్‌తో క్లోన్ చేసి చూడండి.

రెండో పని ఎన్ఏటీ. వేలమందికి ఉన్న ప్రైవేట్ అడ్రస్‌లని ఒకటో రెండో పబ్లిక్ అడ్రస్‌ల వెనక పెట్టి బయటికి పంపుతుంది. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం కలిపి సుమారు 430 కోట్లే. ప్రతి ల్యాప్‌టాప్‌కీ ఒక పబ్లిక్ అడ్రస్ ఇవ్వడం కుదరదు. దీని ప్రభావం మీకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. గూగుల్ ఉన్నట్టుండి ‘మీ నెట్‌వర్క్ నుంచి అసాధారణ ట్రాఫిక్ వస్తోంది’ అని క్యాప్చా పెడుతుంది చూశారా? ఆఫీస్ మొత్తం ఒకే అడ్రస్ నుంచి సెర్చ్ చేస్తుంటే దానికి రోబో అనిపిస్తుంది. హైటెక్ సిటీలో కూర్చున్నా మీ లొకేషన్ ముంబయి అనో సింగపూర్ అనో చూపించడం కూడా ఇందుకే. కంపెనీ ట్రాఫిక్ అంతా ఆ ఊళ్లో ఉన్న గేటు నుంచి బయటికి వెళ్తోందన్నమాట. పక్క వీధిలోని సర్వర్‌కి కూడా అంత దూరం తిరిగి వెళ్లాలి కాబట్టి ఆలస్యం పెరుగుతుంది.

ఇక ప్రాక్సీ. ఇది ఉన్న ఆఫీసుల్లో ల్యాప్‌టాప్ నేరుగా బయటికి వెళ్లకూడదు, ప్రాక్సీని అడగాలి, అది వెళ్లి తెచ్చిస్తుంది. ఏ సైట్‌కి ప్రాక్సీ వాడాలి, దేనికి అక్కర్లేదు అని చెప్పే చిన్న స్క్రిప్ట్ ఒకటి ఉంటుంది, దాన్ని ప్యాక్ ఫైల్ అంటారు. విండోస్ సెట్టింగ్స్‌లో ఐటీ వాళ్లు ముందే పెట్టి ఉంచుతారు. క్రోమ్, ఎడ్జ్ దాన్ని చదువుకుంటాయి. టెర్మినల్‌లో నడిచే పిప్, ఎన్‌పీఎం, గిట్, కర్ల్ లాంటివి చాలావరకు చదవవు. నేరుగా వెళ్లబోతాయి, ఫైర్‌వాల్ ఆపేస్తుంది, కాసేపటికి టైమ్‌అవుట్. ‘బ్రౌజర్‌లో వస్తుంది, టెర్మినల్‌లో రాదు’ అనే సమస్యకి పెద్ద కారణం ఇదే.

పరిష్కారం కష్టం కాదు. ప్రాక్సీ అడ్రస్, పోర్ట్ ఎంతో ఐటీ వాళ్లని అడిగి, హెచ్‌టీటీపీ ప్రాక్సీ, హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టండి. లోపలి సర్వర్ల పేర్లని నో ప్రాక్సీ అనే మూడో దాంట్లో రాయండి. ఈ మూడోది మర్చిపోతే మీ సొంత మెషీన్‌లో నడిచే లోకల్‌హోస్ట్ కాల్ కూడా ప్రాక్సీకి వెళ్లి ఫెయిల్ అవ్వొచ్చు. 407 అనే ఎర్రర్ వస్తే ప్రాక్సీ దొరికింది, కానీ మీరెవరో చెప్పమంటోంది అని అర్థం. అంటే ఈ మెట్టు దగ్గర సగం దాటారు.

ఆరో మెట్టు: సర్టిఫికెట్

అన్నీ దాటారు, అయినా పిప్ ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అంటుంది. ‘సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఇన్ సర్టిఫికెట్ చైన్’ అని కూడా రావొచ్చు. ఫ్రెషర్లు ఎక్కువ ప్రమాదంలో పడేది ఈ మెట్టు దగ్గరే, అందుకని కాస్త నిదానంగా చూద్దాం.

హెచ్‌టీటీపీఎస్ అంటే బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య ఎవరూ చదవలేని సంభాషణ అని నేర్చుకున్నాం. చాలా కంపెనీలు వైరస్‌లని, డేటా లీకుల్ని పట్టుకోవడానికి ఆ సంభాషణని గేటు దగ్గర విప్పి చూస్తాయి. దీన్నే టీఎల్ఎస్ ఇన్‌స్పెక్షన్ అంటారు. పద్ధతి ఇలా ఉంటుంది. గేటు దగ్గరి పరికరం సైట్‌తో ఒక కనెక్షన్, మీతో ఒక కనెక్షన్ పెట్టుకుంటుంది. మీకు సైట్ అసలు సర్టిఫికెట్ కాకుండా, కంపెనీ సంతకంతో అప్పటికప్పుడు తయారు చేసిన సర్టిఫికెట్ చూపిస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో కంపెనీ రూట్ సర్టిఫికెట్ ముందే ఎక్కించి ఉంటారు కాబట్టి క్రోమ్ మారు మాట్లాడకుండా నమ్ముతుంది.

పైథాన్, జావా, నోడ్ లాంటివి తరచుగా విండోస్ జాబితాని కాకుండా తమ సొంత నమ్మకస్తుల జాబితాని వాడతాయి. ఆ జాబితాలో మీ కంపెనీ పేరు ఉండదు. అందుకే వద్దంటాయి. నిజానికి అవి తమ పని సరిగ్గానే చేస్తున్నాయి. మధ్యలో ఒకరున్నారని పట్టుకున్నాయి కదా.

ఇంటర్నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా ‘వెరిఫికేషన్ ఆఫ్ చేసేయండి’ అని. గిట్‌లో ఎస్ఎస్ఎల్ వెరిఫై ఫాల్స్, నోడ్‌లో రిజెక్ట్ అన్‌ఆథరైజ్డ్ సున్నా, పైథాన్ కోడ్‌లో వెరిఫై ఫాల్స్. ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ ఆ లైన్ మీ కోడ్‌తో పాటు కమిట్ అయ్యి ప్రొడక్షన్‌కి వెళ్తే, అక్కడ ఎవరు మధ్యలో దూరినా మీ యాప్ నమ్మేస్తుంది. కస్టమర్ల పాస్‌వర్డ్‌లు, టోకెన్లు ఆ దారినే వెళ్తాయి. కోడ్ రివ్యూలో నేను ముందుగా వెతికే లైన్లలో ఇదొకటి.

సరైన పద్ధతి ఇది: కంపెనీ రూట్ సర్టిఫికెట్ ఫైల్‌ని ఐటీ వాళ్ల దగ్గర తీసుకుని, ఒక్కో టూల్‌కీ దాని దారి చూపించండి. పిప్‌కి, గిట్‌కి, నోడ్‌కి, జావాకి ఒక్కోదానికి ఒక సెట్టింగ్ ఉంది. మొత్తం అరగంట పని. వెరిఫికేషన్ ఆన్‌లోనే ఉంటుంది, ఎర్రరూ పోతుంది.

మరి ఆఫీస్ వాళ్లకి ఏం కనిపిస్తుంది?

ఆరు మెట్లూ అర్థమైతే ఈ ప్రశ్నకి జవాబు దానంతట అదే వస్తుంది. రెండో మెట్టులో మీ పేరు తెలుసు, మూడో మెట్టులో మీ అడ్రస్ తెలుసు. కాబట్టి ఆ అడ్రస్ నుంచి వెళ్లే ప్రతిదీ మీ పేరు మీదే నమోదవుతుంది. ఇన్‌స్పెక్షన్ లేకపోతే ఏ సైట్‌కి వెళ్లారు, ఎప్పుడు, ఎంత డేటా అనేవి తెలుస్తాయి. ఆ సైట్‌లో ఏ పేజీ చదివారు, ఏం టైప్ చేశారు అనేవి తెలియవు. ఇన్‌స్పెక్షన్ ఉంటే అవి కూడా చూడగలరు. బ్యాంకు, ఆసుపత్రి సైట్లని సాధారణంగా దీని నుంచి మినహాయిస్తారు. కానీ అది కంపెనీ పెట్టుకున్న రూల్, ఖాయం అనుకోకండి.

మీ ఆఫీస్‌లో ఇన్‌స్పెక్షన్ ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. ఏదైనా బయటి సైట్ ఓపెన్ చేసి, అడ్రస్ బార్ పక్కన ఐకాన్ నొక్కి సర్టిఫికెట్ వివరాల్లో ‘ఎవరు జారీ చేశారు’ అన్నది చదవండి. అక్కడ మీ కంపెనీ పేరో, సెక్యూరిటీ ప్రాడక్ట్ పేరో ఉంటే ఆ సైట్‌ని విప్పి చూస్తున్నట్టే.

ఇన్‌కాగ్నిటో మోడ్ దీన్ని ఏమాత్రం దాచదు, అది మీ ల్యాప్‌టాప్‌లో హిస్టరీ ఉంచదు, అంతే. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారితే ఆఫీస్ గేటు తప్పుతుంది. కానీ కంపెనీ ల్యాప్‌టాప్ లోపలే నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే అది హాట్‌స్పాట్ మీద కూడా పనిచేస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో వీపీఎన్ ఆన్ చేస్తే, సెటప్‌ని బట్టి మీ ట్రాఫిక్ మొత్తం ఆఫీస్ గేటు మీదుగా వెళ్లొచ్చు, లేదా ఆఫీస్ పనులది మాత్రమే వెళ్లొచ్చు. కాబట్టి లెక్క సింపుల్: ఇంకో జాబ్‌కి అప్లై చేయడం, డాక్టర్ రిపోర్టులు చూడటం, పర్సనల్ చాట్‌లు సొంత ఫోన్‌లో, సొంత డేటాతో చేసుకోండి.

నెట్ రానప్పుడు ఐదు నిమిషాల చెకప్

గ్లోబ్ ఐకాన్‌ని చూసి కంగారు పడకండి. విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెచ్చుకుని, అందులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అని ఉందో లేదో చూస్తుంది. ఆఫీస్ గేటు ఆ ఒక్క ఫైల్‌ని ఆపినా ‘నో ఇంటర్నెట్’ అంటుంది, నెట్ బాగానే ఉన్నా సరే. కాబట్టి మెట్ల ప్రకారం వెళ్లండి.

1. కేబుల్ లైట్ వెలుగుతోందా, వైఫై ‘కనెక్టెడ్’ అంటోందా? లేదంటే మొదటి లేదా రెండో మెట్టు. తేదీ, టైమ్, ఈమధ్య పాస్‌వర్డ్ మార్చారా అన్నవి చూడండి.
2. ఐపీకాన్ఫిగ్‌లో అడ్రస్ ఏముంది? 169.254 అయితే మూడో మెట్టు.
3. గేట్‌వే అడ్రస్‌ని పింగ్ చేయండి. జవాబొస్తే లోపలి దారి బాగుంది. రాకపోయినా తీర్పు చెప్పేయకండి, కొన్ని ఆఫీసుల్లో పింగ్‌ని కావాలనే ఆపేస్తారు.
4. ఎన్ఎస్‌లుకప్‌తో ఒక లోపలి పేరు, ఒక బయటి పేరు అడగండి. రెండూ రాకపోతే నాలుగో మెట్టు.
5. బ్రౌజర్‌లో వచ్చి టెర్మినల్‌లో రాకపోతే ఎర్రర్ చదవండి. టైమ్‌అవుట్ లేదా 407 అయితే ఐదో మెట్టు, సర్టిఫికెట్ అనే మాట ఉంటే ఆరో మెట్టు.

ఇప్పుడు టికెట్ రాయండి. ‘నెట్ రావట్లేదు, అర్జెంట్’ అని కాకుండా ఇలా: ‘మూడో ఫ్లోర్, వైఫై కనెక్ట్ అయింది. ఐపీ 10తో మొదలయ్యేది వచ్చింది, గేట్‌వే పింగ్ అవుతోంది. లోపలి పేర్లు రిజాల్వ్ అవుతున్నాయి, బయటి పేర్లు అవ్వట్లేదు. పొద్దున 10:15 నుంచి. పక్క సీటు వాళ్లకి బాగానే వస్తోంది.’ ఇది చదివిన ఇంజినీర్‌కి ఏ టీమ్‌కి పంపాలో అడగక్కర్లేదు. మా టీమ్‌లో ఫ్రెషర్లు ఇలా రాయడం మొదలుపెట్టాక మూడు రోజులు తిరిగే టికెట్లు చాలావరకు అదే రోజు క్లోజ్ అవుతున్నాయి.